పావు తులం గుండు

మొత్తం పొడవు 44 మిల్లీమీటర్లకు కాస్త లోపు. అడుగున 8.9 మిల్లీమీటర్ల వెడల్పున చుట్టూ పొడుచుకొచ్చిన అంచు, వాడుకలో రిమ్. దాని మీద 7.6 మిల్లీమీటర్ల ఒళ్ళు. అక్కణ్ణుంచి పైకి పోనుపోను సన్నబడుతూ, ఎక్కడ మొదలైందో వేలికి తెలియనంత మెల్లగా వాలిన భుజం. ఆపైన 6.2 మిల్లీమీటర్ల మెడ. ఆ మెడలో బిగించిన సీసపు గుండు. దాని ఒంటికి పలచని రాగి తొడుగు, ముక్కు దగ్గర మాత్రం సీసం బయటికి కనిపిస్తుంది. .22 హార్నెట్ అనే రైఫిల్ తూటా ఇది. 1930 నుంచి అంగట్లో ఉంది.

తుపాకుల లోకంలో బరువులన్నీ గ్రెయిన్లలోనే లెక్కపెడతారు. హార్నెట్ మామూలు గుండు 45 గ్రెయిన్లు. ఈ కొలత మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. బ్రిటిష్ హయాంలో తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. 11.66 గ్రాముల ఆ పాత తులంలో సరిగ్గా నాలుగో వంతు ఈ గుండు. ఈ పావు తులాన్ని సెకనుకు 2,690 అడుగుల వేగంతో బయటికి తోయడానికి కేస్‌లో, అంటే ఇత్తడి గొట్టంలో, పోసే మందు, రకాన్ని బట్టి, పది నుంచి పదమూడు గ్రెయిన్లు. అంటే గ్రాము కన్నా తక్కువే. ఇంత కొంచెం మందుతో అంత పని రాబట్టుకున్న తీరు చూడాలంటే తూటాను ముక్కముక్కగా విప్పి చూడాలి.

ముందు ఏ పనికి పుట్టిందో చెప్పుకుందాం. అమెరికా తూర్పు రాష్ట్రాల పచ్చిక పొలాల్లో, సోయా చేలలో గ్రౌండ్‌హాగ్ అనే జంతువు బొరియలు తవ్వుతుంది. బరువు మూడు నాలుగు కిలోలుంటుంది. పంట తినడం ఒక బెడదైతే, ఆ బొరియలో గుర్రం కాలు పడి విరగడం, కోత యంత్రం చక్రం దిగబడడం మరో బెడద. పడమటి మైదానాల్లో ఇదే పని ప్రైరీ డాగ్ చేస్తుంది. కోళ్ళ దగ్గరికి నక్కలు వస్తాయి. పంటకూ పశువుకూ చేటు చేసే ఇలాంటి చిన్న ప్రాణులను దూరం నుంచి, ఒక్క దెబ్బతో, బాధపెట్టకుండా పడగొట్టడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక తూటాల జాతే పెరిగింది. మన దగ్గర ఆ అవసరానికి చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటే నిషిద్ధం. తెలుగు రాష్ట్రాల రైతును ఏడిపించే అడవి పందిని అధికారుల అనుమతితో కొట్టడం ఉందిగానీ, ఆ ఒంటికి ఈ పావు తులం గుండు ఎందుకూ చాలదు. కాబట్టి ఈ తూటాను దాని సొంత గడ్డ మీదే నిలబెట్టి చూడడం న్యాయం.

హార్నెట్‌ను తెల్లకాగితం మీద గీత గీసి మొదలుపెట్టలేదు. 1885లో వించెస్టర్ కంపెనీ తన సింగిల్ షాట్ రైఫిల్ కోసం .22 డబ్ల్యు.సి.ఎఫ్. అనే నల్లమందు తూటా తెచ్చింది. అందులోనూ 45 గ్రెయిన్ల గుండే, వేగం మాత్రం సుమారు 1,550 అడుగులు. పొగలేని మందు వచ్చాక అది మూలబడింది. 1920లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం చుట్టూ ఉన్న కొందరు సైనికాధికారులు, పనివాళ్ళు ఆ పాత కేస్‌ను బయటికి తీశారు. కెప్టెన్ గ్రోవ్‌నర్ వాట్కిన్స్, కర్నల్ టౌన్సెండ్ వీలెన్, ఆల్ వుడ్‌వర్త్ వంటివాళ్ళ పేర్లు ఇందులో వినిపిస్తాయి. సైనికుల గురి శిక్షణకు వాడే .22 రిమ్‌ఫైర్ (రిమ్ మీద దెబ్బతో పేలే చిన్న తూటా) రైఫిల్ వాళ్ళ చేతిలో ఉంది. దాని బ్యారెల్‌కు తూటా కూర్చునే చాంబర్ తొలిచి, బోల్ట్ మార్చి, పాత కేస్‌లో కొత్త మందు పోసి చూశారు. గుండు 2,400 అడుగుల దరిదాపుల్లో పరుగెత్తింది. ఫలితం ఎంత నచ్చిందంటే, ఆ తూటా కోసం ఏ కంపెనీ రైఫిల్ చెయ్యకముందే 1930లో వించెస్టర్ తూటాలు అమ్మడం మొదలుపెట్టింది. కొన్నవాళ్ళు ఊళ్ళో గన్‌స్మిత్ దగ్గరికి పోయి పాత తుపాకులను దానికి తగినట్టు మార్పించుకున్నారు. కంపెనీల రైఫిళ్ళు తర్వాత వచ్చాయి.

కేస్ ఒకచోటిది, బ్యారెల్ ఇంకోచోటిది, మందు మరోకాలానిది. అతుకుల బొంత అన్నమాట. హార్నెట్ మంచీ చెడూ అన్నీ ఆ అతుకుల దగ్గరే దొరుకుతాయి. ఒక్కో అతుకునూ విడిగా పట్టి చూస్తాను.

మొదట కేస్. డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు జింకు ఉన్న ఇత్తడి రేకు నుంచి బిళ్ళ కొడతారు. దాన్ని నొక్కి గిన్నెలా చేస్తారు. ఆ గిన్నెను ఒకదానికన్నా ఒకటి ఇరుకైన అచ్చుల గుండా తోస్తూ పోతే అడుగు మందంగానే ఉండి, గోడలు సాగి పలచబడి, గొట్టమవుతుంది. కంచరి పని ఎరిగినవాళ్ళకు తర్వాతి సంగతి చెప్పనక్కర్లేదు. దెబ్బ పడేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది, కాల్చి చల్లారిస్తే మళ్ళీ లొంగుతుంది. అందుకే ప్రతి రెండు సాగుడుల మధ్యా గొట్టాన్ని కొలిమి చూపిస్తారు. తర్వాత అడుగును బలంగా మోది, మందును అంటించే ప్రైమర్‌కు గుంట, కంపెనీ ముద్ర ఒకేసారి వేస్తారు. ఈ దెబ్బకు అడుగు కావాలనే గట్టిపడుతుంది. రిమ్‌ను లేత్ మీద చెక్కుతారు. ఒంటిని వాలుగా నొక్కి, మెడ తీసి, చివర మెడను మాత్రం మరోసారి కాలుస్తారు. ఒకే ఇత్తడి ముక్కలో అడుగు బిరుసు, మెడ మెత్తన. పేలినప్పుడు అడుగు చెదరకూడదు, మెడ మాత్రం తక్షణం విచ్చుకోవాలి.

విచ్చుకోవడం ఎందుకంటే, చాంబర్‌లో పీడనం వాతావరణ పీడనానికి మూడు వేల మూడు వందల రెట్ల దాకా పోవచ్చు. అమెరికా పరిశ్రమ ప్రమాణం ప్రకారం గరిష్ఠం చదరపు అంగుళానికి 49,000 పౌండ్లు. ఆ వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు రాకుండా ఆపేది ఈ పలచని ఇత్తడి గోడే. పీడనం పెరగగానే అది ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కుని సందు మూసేస్తుంది. గుండు బయటపడి పీడనం పడిపోగానే వెంట్రుకవాసి వెనక్కి ముడుచుకుంటుంది, లాగితే జారి వస్తుంది. మూతే తాళం, మూతే తాళంచెవి అయినట్టున్న ఈ ఏర్పాటు అన్ని ఇత్తడి తూటాలకూ ఉన్నదే. హార్నెట్‌లో విశేషం దాని గోడ. మెడ దగ్గర ఇత్తడి మందం మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. గుండు కూర్చోబెట్టేటప్పుడు కొంచెం పక్కకు ఒరిగితే మెడ నలిగిపోతుంది. తూటాలు చేత్తో నింపుకునేవాళ్ళు హార్నెట్ దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మదిస్తారు.

ఇక ఆ వాలు. అడుగు నుంచి భుజం దాకా అంత వాలు ఎందుకు? అది 1885 నాటి అవసరం. నల్లమందు కాలితే సగానికి పైగా మసిగా, ఉప్పుగా మిగిలి చాంబర్ గోడలకు పేరుకుంటుంది. నిలువు గోడల కేస్ ఆ మసిలో బిగుసుకుపోతుంది. వాలు కేస్ ఒక్క వెంట్రుకంత కదిలితే చాలు, గోడను వదిలేస్తుంది. పొగలేని మందు వచ్చాక ఆ అవసరం పోయింది, వాలు మిగిలింది. దానితో పాటు వాలే మింగేసిన జాగా కూడా మిగిలింది. భుజం కోణం ఆరు డిగ్రీలకు లోపే, అదీ ఆ కాలపు అలవాటే.

రిమ్ కథ ఇంతకన్నా చిక్కుది. తూటా చాంబర్‌లోకి ఎంతవరకు పోవాలో ఏదో ఒకటి ఆపాలి. హార్నెట్‌లో ఆ ఆపే పని రిమ్‌ది. మందం 1.65 మిల్లీమీటర్లు. రిమ్ వెళ్ళి బ్యారెల్ వెనుక అంచుకు ఆనుకుంటే తూటా ఆగినట్టే. కాబట్టి భుజం చాంబర్ భుజాన్ని తాకనవసరం లేదు. తయారీదార్లు ఆ వదులును ధారాళంగానే వాడుకున్నారు. ఫలితం ఇత్తడి మీద పడుతుంది. పేలినప్పుడు ముందు భాగం గోడకు పట్టుకుపోతుంది, అడుగు వెనక్కి నెట్టబడుతుంది, మధ్యలో ఇత్తడి సాగుతుంది. ఖాళీ కేస్‌ను అచ్చులో మళ్ళీ పూర్తిగా కుదించి, నింపి, కాలిస్తే మళ్ళీ సాగుతుంది. కొన్నిసార్లయ్యాక అడుగుకు కాస్త పైన ఉంగరంలా మెరిసే గీత కనిపిస్తుంది. అక్కడ గోడ లోపల పలచబడిందని గుర్తు. ఇంకోసారి కాలిస్తే అక్కడే తెగుతుంది. తెలిసినవాళ్ళు చేసేది చిన్న ఉపాయం. కాల్చిన కేస్ ఒంటిని ముట్టుకోకుండా మెడను మాత్రమే కుదిస్తారు. అప్పుడు ఆ కేస్ భుజం ఆ తుపాకి చాంబర్‌కే సరిగ్గా అచ్చుపోసినట్టు ఉంటుంది, సాగడానికి జాగా ఉండదు. ఆ కేస్ వేరే తుపాకిలో పట్టొచ్చు, పట్టకపోవచ్చు. ఒకే తుపాకికి పెళ్ళి చేసినట్టు వాడుకోవాలి.

మ్యాగజైన్‌లో రిమ్ ఇంకో తలనొప్పి. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై తూటా రిమ్ కింది తూటా రిమ్‌కు వెనక పడితే, బోల్ట్ ముందుకు తోసినప్పుడు రెండూ చిక్కుకుంటాయి. కాబట్టి పై రిమ్ ప్రతిసారీ ముందే ఉండాలి. దీన్నుంచి ఒక్కో కంపెనీ ఒక్కోలా గట్టెక్కింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చెకొస్లొవేకియాలోని బ్రనో కర్మాగారం జెడ్.కె.డబ్ల్యు. 465 అనే రైఫిల్ చేసింది. మౌజర్ సైనిక రైఫిల్ యంత్రాంగాన్ని, పొడవాటి కొక్కెంతో సహా, ఈ చిన్న తూటా కొలతకు కుదించిన పని అది. కింద అయిదు తూటాల చిన్న ఇనప మ్యాగజైన్. చాలామంది కంపెనీలవాళ్ళు పెద్ద రైఫిల్‌లోనే చిన్న తూటా ఇమిడ్చి చేతులు దులుపుకున్నారు. బ్రనోవాళ్ళు మాత్రం బోల్టు నుంచి గింజ దాకా అన్నీ తూటాను చూసి కొలిచారు. ఆ పొందిక తర్వాత సి.జెడ్. 527లోనూ కొనసాగింది. 1990లలో అమెరికాలో రూగర్ ఇంకో దారి తొక్కింది. తన రిమ్‌ఫైర్ రైఫిల్‌నే పొడిగించి, అందులో తిరిగే మ్యాగజైన్ పెట్టింది. చక్రానికి గాళ్ళు తీసి ఒక్కో తూటాను ఒక్కో గాడిలో విడిగా కూర్చోబెడితే రిమ్‌లు ఒకదాన్నొకటి తాకనే తాకవు. సమస్యను సరిచేయడం కాదు, పుట్టకుండా చేయడం. తుపాకి పనిలో నాకు అన్నిటికన్నా నచ్చే తెలివి ఇదే రకం.

బ్యారెల్ విషయానికొస్తే, అది రిమ్‌ఫైర్ నుంచి వచ్చిన అతుకు. గుండు గిరగిరా తిరుగుతూ పోవడానికి బ్యారెల్ లోపల మరలు తీస్తారు. రిమ్‌ఫైర్ గుండు పొట్టిది, మొద్దుది. దానికి 16 అంగుళాలకు ఒక చుట్టు చాలు. స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్ళు ఆ బ్యారెళ్ళతోనే మొదలుపెట్టారు కాబట్టి హార్నెట్‌కు అదే చుట్టు స్థిరపడిపోయింది. గుండు పొడుగయ్యేకొద్దీ నిలకడగా పోవడానికి ఎక్కువ చుట్లు కావాలి. అందువల్ల హార్నెట్‌లో పొడుగాటి, వాడి ముక్కు గుండు పెడితే గాల్లో తడబడుతుంది. పైగా మ్యాగజైన్ పొడవుకు కూడా అది పట్టదు. అందుకే 35 నుంచి 46 గ్రెయిన్ల మధ్య, ముక్కు మొద్దుగా ఉండే గుళ్ళను దీనికోసమే ప్రత్యేకంగా పోస్తారు. వాటి రాగి తొడుగు ఇతర .22 గుళ్ళకన్నా పలచన. హార్నెట్ వేగం తక్కువ కాబట్టి, ఆ వేగానికే గుండు విచ్చుకునేలా చెయ్యాలి. అదే గుండును పెద్ద తూటాలో పెట్టి నాలుగు వేల అడుగుల వేగంతో పంపితే గాల్లోనే చితికిపోవచ్చు.

మొద్దు ముక్కుకు గాలి విధించే పన్ను చూడండి. బ్యారెల్ దాటేటప్పుడు 2,690 అడుగులు. వంద గజాల దగ్గర 2,042. రెండు వందల దగ్గర 1,502. మూడు వందల గజాలు చేరేసరికి 1,128, అంటే ధ్వని వేగంతో సమానం. 35 గ్రెయిన్ల తేలిక గుండుకు ప్లాస్టిక్ ముక్కు తగిలించి 3,100 అడుగులతో పంపే తూటా ఇప్పుడు దొరుకుతుంది. పెట్టె మీద అంకె చూస్తే ముచ్చటేస్తుంది. రెండు వందల గజాల దగ్గర మాత్రం దాని వేగం దాదాపు 1,600. మొదట్లో నాలుగు వందల పైచిలుకు అడుగులు ముందున్నది, అక్కడికి వచ్చేసరికి వందకు దిగింది. తేలిక గుండును గాలి అంత త్వరగా ఆపేస్తుంది.

లోపలి నిప్పు సంగతి ఇంకా సున్నితం. ప్రైమర్ మీద సూది దెబ్బ పడగానే మంట చిన్న రంధ్రం గుండా మందులోకి దూకుతుంది. పెద్ద కేస్‌లో అది సమస్య కాదు. హార్నెట్‌లో మందే గ్రాముకు లోపు, మెడ పట్టు బలహీనం. ప్రైమర్ మరీ చురుకైనదైతే మందు పూర్తిగా అంటుకోకముందే గుండును కొంచెం ముందుకు నెడుతుంది. అప్పుడు లోపలి జాగా ఒక్కోసారి ఒక్కోలా మారుతుంది. పీడనం, వేగం, చివరికి గుండు పడే చోటూ మారతాయి. అందుకే హార్నెట్‌ను చేత్తో నింపేవాళ్ళలో చాలామంది రైఫిల్ ప్రైమర్ మాని, మెత్తగా మండే చిన్న పిస్టల్ ప్రైమర్ వాడతారు. రైఫిల్ తూటాకు పిస్టల్ నిప్పు! మందు విషయంలోనూ ఇలాంటి బంధుత్వాలే. హాడ్గ్‌డన్ కంపెనీ లిల్‌గన్ అనే మందును .410 షాట్‌గన్ కోసం చేసింది. తక్కువ పీడనంతో మంచి వేగం ఇస్తుందని హార్నెట్ వాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు.

ఆ .410తో హార్నెట్‌కు అంతకుముందే మరో పొత్తు ఉంది. అమెరికా వైమానిక దళం, విమానం కూలి అడవిలోనో మంచులోనో చిక్కిన సిబ్బంది చిన్న వేటతో ప్రాణం నిలుపుకోవడానికి ఎం6 అనే మడత తుపాకి ఇచ్చింది. పైన హార్నెట్ బ్యారెల్, కింద .410 బ్యారెల్. రేకుతో చేసిన బట్‌లోనే తొమ్మిది హార్నెట్ తూటాలు, నాలుగు .410 తూటాలు పెట్టుకునే గుంటలు. ట్రిగర్ స్థానంలో నాలుగు వేళ్ళతో పిండే పట్టీ. చలికి మందపాటి చేతితొడుగులు వేసుకున్నవాడి వేలు మామూలు ట్రిగర్ గార్డులో దూరదు గదా. ఆ పనికి హార్నెట్‌నే ఎంచుకోవడంలో అర్థముంది. బరువు తక్కువ, బ్యారెల్ పొట్టిదైనా పని జరుగుతుంది.

పాత కేస్‌లోని వృథా జాగా మీద 1940లో లైల్ కిల్‌బోర్న్ అనే గన్‌స్మిత్ కన్ను పడింది. ఆయన చాంబర్‌ను కొంచెం ఎక్కువ తొలిచాడు, వాలు తగ్గించాడు, భుజాన్ని నిటారుగా లేపాడు. కె-హార్నెట్ అంటే అదే. దాని కోసం వేరే కేసులు చెయ్యక్కర్లేదు. మామూలు హార్నెట్ తూటానే ఆ చాంబర్‌లో పెట్టి కాలిస్తే, ఇత్తడి ఉబ్బి కొత్త చాంబర్ ఆకారానికి వచ్చేస్తుంది. గుండు దాని పనికి అది పోతుంది, చేతిలో కొత్త రకం కేస్ మిగులుతుంది. ఇది ఇంత సులువుగా ఎలా కుదిరింది? రిమ్ వల్ల. భుజం ఎక్కడున్నా తూటాను ఆపేది రిమ్మే కాబట్టి, భుజం దగ్గర ఖాళీ ఉన్నా తూటా సరిగ్గానే కూర్చుంటుంది. ఇత్తడి ఆయుష్షు తగ్గించిన ఆ రిమ్మే, వదులును సహించిన ఆ పాత పద్ధతే, ఇక్కడ అక్కరకొచ్చింది.

ఇప్పుడు కొత్తవాటిని తక్కెడలో పెడదాం. వేగం పిచ్చి అప్పుడే ఉంది. 1935లోనే .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల గుండును 4,110 అడుగులతో పంపింది. హార్నెట్ కన్నా మూడింతలు మందు తాగి, బ్యారెల్ గొంతును త్వరగా తినేస్తుందన్న పేరూ తెచ్చుకుంది. హార్నెట్‌కు అసలు పోటీ స్విఫ్ట్ కాదు, 1950లో రెమింగ్టన్ తెచ్చిన .222. దాన్ని గీసినవాడు మైక్ వాకర్, స్వయంగా గురి పోటీల్లో కాల్చేవాడు. ఆయన పాత కేస్ దేనినీ అరువు తెచ్చుకోలేదు. రిమ్ తీసేసి కొక్కేనికి గాడి పెట్టాడు. వాలు తగ్గించాడు. భుజానికి 23 డిగ్రీల కోణం ఇచ్చి, తూటాను ఆపే బాధ్యత దానికే అప్పగించాడు. హార్నెట్‌లో అతుకులున్న ప్రతి చోటా .222లో ఒక నిర్ణయం ఉంది. 50 గ్రెయిన్ల గుండు 3,140 అడుగులతో పోయేది. గురి ఎంత నికరమంటే, 1970లలో పి.పి.సి. తూటాలు వచ్చేదాకా బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో దానిదే రాజ్యం. పనితనం పరంగా చూస్తే, నా లెక్కలో ఈ మొత్తం జాతిలో అతి అందమైన గీత .222దే.

దాన్ని కాస్త సాగదీసి సైన్యం కోసం చేసిందే .223, 1964లో మార్కెట్‌కు వచ్చింది. 55 గ్రెయిన్ల గుండు, 3,240 అడుగులు, రెండు వందల గజాల దగ్గర ఇంకా 2,300 పైనే. వంద గజాలకు గురి సరిచేసి రెండు వందల దగ్గర కాలిస్తే .223 గుండు రెండు మూడు అంగుళాలు కిందికి దిగుతుంది, హార్నెట్‌ది ఏడెనిమిది. గ్రౌండ్‌హాగ్ తల ఎంతుంటుందో తలుచుకుంటే ఆ తేడా ఏమిటో అర్థమవుతుంది. మందు ఖర్చు మాత్రం రెట్టింపు. ఒక పౌండు మందు, అంటే 7,000 గ్రెయిన్లు, .223కు 280 సార్లు వస్తే హార్నెట్‌కు అయిదు వందల ఎనభై దాకా వస్తుంది. కానీ సైన్యాలు వాడే కొలత కాబట్టి .223 తూటాలు గుట్టలుగా తయారవుతాయి, చవగ్గా దొరుకుతాయి. హార్నెట్ తూటాలను కంపెనీ తనకు గుర్తొచ్చినప్పుడు ఒక విడత చేస్తుంది. మందులో మిగిలింది పెట్టె ధరలో పోతుంది. 2004లో వచ్చిన .204 రూగర్ 32 గ్రెయిన్ల గుండును 4,225 అడుగులతో పంపుతుంది. విశాలమైన ప్రైరీ మైదానాలకు అది మహా బాగుంటుంది, చిన్న కమతానికి అనవసరం.

నన్ను ఎక్కువసేపు ఆపింది .17 కాలిబర్ జంట. 2002 నాటి .17 హెచ్.ఎం.ఆర్. రిమ్‌ఫైర్ తూటా. 17 గ్రెయిన్ల గుండు, 2,550 అడుగులు. చవక, నికరం, ఇంట్లో నింపుకునే శ్రమ లేదు. అయితే రెండు వందల గజాల దగ్గర 1,400కు దిగువకు పడిపోతుంది, గుండు కూడా హార్నెట్ దానిలో సగం బరువు లేదు. నూట పాతిక గజాలు దాటితే హార్నెట్‌కు సాటి రాదు. అసలు పోటీ హార్నెడీ కంపెనీ 2012లో తెచ్చిన .17 హార్నెట్. కిల్‌బోర్న్ చేసిన పనినే వాళ్ళు కర్మాగారంలో చేశారు. హార్నెట్ కేస్ వాలు తగ్గించి, భుజం లేపి, మెడను .17కు కుదించారు. 20 గ్రెయిన్ల సన్నని, పొడుగాటి గుండు 3,650 అడుగులతో బయల్దేరి, రెండు వందల గజాల దగ్గర 2,570 ఉంటుంది. దాని దారి .223 దారికి దాదాపు సమానం, అదీ సగం కన్నా తక్కువ మందుతో. హార్నెట్ బలహీనత కేస్‌లో కన్నా మొద్దు గుండులో, చుట్లు తక్కువైన బ్యారెల్‌లో ఎక్కువగా ఉందని ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ నిరూపించలేదు. సన్న బ్యారెల్‌ను శుభ్రం చేయడానికి ప్రత్యేకమైన కడ్డీ కావాలి, నక్కకన్నా పెద్ద జంతువుకు గుండు చాలదు. ఈ రెండూ ఒప్పుకుంటే కాగితం మీద .17దే గెలుపు.

మరి హార్నెట్‌కు మిగిలేదేమిటి? నూట యాభై గజాల లోపు పొలం. అటువైపు ఇళ్ళు, ఇటువైపు పశువుల కొట్టం. .223 మోత ఊరంతా వినిపిస్తుంది, హార్నెట్ చప్పుడు చాలా తక్కువ. తుపాకి వెనక్కి తన్నదు, కాబట్టి గుండు తగిలిన క్షణం టెలిస్కోప్‌లో కళ్ళారా కనిపిస్తుంది. మందు తక్కువ కనుక బ్యారెల్ ఏళ్ళ తరబడి అరగదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో వేటగాళ్ళు వాడే మూడు బ్యారెళ్ళ, నాలుగు బ్యారెళ్ళ తుపాకుల్లో దీని స్థానం ఇంకా పదిలం. వంగి తెరుచుకునే తుపాకిలో తూటాను బయటికి లాగే రెక్కకు రిమ్ అంత చక్కని పట్టు మరేదీ ఇవ్వదు. కొత్తగా ఒకే ఒక్క రైఫిల్ కొనేవాడికి నేనైతే .223 చెబుతాను. తూటాలు తనే నింపుకుంటూ, దగ్గరి పొలాల్లో తిరిగేవాడికి .17 హార్నెట్. పాత బ్రనోనో, తాతల నాటి వించెస్టరో చేతికొచ్చినవాడు మాత్రం దాన్ని అమ్ముకుని కొత్తది కొనడం తెలివితక్కువ పని.

పాత రైఫిల్ దొరికినవాళ్ళు చూసుకోవాల్సింది ఒకటుంది. మొదటి తరం హార్నెట్ బ్యారెళ్ళు .223 అంగుళాల గుండుకు చేసినవి, తర్వాతివి .224కు. ఇప్పుడు దొరికే గుళ్ళలో ఎక్కువ భాగం .224. అంగుళంలో వెయ్యో వంతు తేడాకే పీడనం పెరుగుతుంది. తుపాకి మీద ముద్ర ఈ సంగతి చెప్పదు. మెత్తని సీసం ముక్కకు నూనె రాసి, బ్యారెల్ గుండా కడ్డీతో మెల్లగా తోసి, బయటికొచ్చినదాన్ని మైక్రోమీటర్‌తో కొలవాలి. ఆ కొలత చేతికొచ్చాకే గుళ్ళ పెట్టె కొనాలి.